61 వేల కిలోమీటర్ల కరిజ్మా: ఒక కొనుగోలు, రెండు నెలల మరమ్మతు, అనంతగిరి ఘాట్‌లో బయటపడిన నా పొరపాటు

2025 జనవరి రెండో వారంలో, విశాఖపట్నంలోని ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఒకరు కంచరపాలెంలోని నా మెకానిక్ షెడ్డుకు వచ్చి, ఫోనులో రెండు బళ్ల ఫొటోలు చూపించి, "అన్నా, ఈ రెండింట్లో ఏది కొనమంటారు?" అని అడిగారు. రెండూ హీరో హోండా కరిజ్మాలే, రెండూ 2004లో రిజిస్టరైన ఏపీ 31 సిరీస్ బళ్లే. మొదటిది 9,800 కిలోమీటర్లే తిరిగిందనీ, బీచ్‌కు దగ్గరలోని ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో కవరు కప్పి ఉంచామనీ అమ్మేవారు చెప్పారు. అడిగిన ధర 85,000 రూపాయలు. రెండోది 61,000 దాటిన బండి. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది, కూర్మన్నపాలెంలో ఉంది, ధర 58,000. మాస్టారి మనసు మొదటి దాని మీదే ఉందని, ఆ ఫొటోలను రెండు వేళ్లతో పెద్దవి చేసి చూపించిన తీరులోనే నాకు తెలిసిపోయింది.

ఈ బండి మీద ఆయనకున్న మోజు కొత్తది కాదు. 2003లో కరిజ్మా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆయన డిగ్రీ చదువుతున్నారు. 100 సీసీ బళ్లే ఎక్కువగా తిరిగే రోజుల్లో 223 సీసీ ఇంజను, 17 బీహెచ్‌పీ శక్తి, సగం ఫెయిరింగ్ (గాలిని పక్కకు మళ్లించే ముందు తొడుగు), 15 లీటర్ల ట్యాంకు, ముందు చక్రానికి 276 మిల్లీమీటర్ల డిస్కు ఉన్న బండి రోడ్డు మీద కనిపిస్తే కుర్రాళ్లు ఆగి చూసేవారు. దాని ఇంజనుకు మూలం హోండా వారి సీఆర్ఎఫ్ 230 అనే మట్టిదారి బండిది. 65.5 మిల్లీమీటర్ల బోర్ (సిలిండరు లోపలి వెడల్పు), 66.2 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టను కదిలే దూరం), గాలితో చల్లబడే ఒకే సిలిండరు, రెండు వాల్వులు. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. అయితే తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే లాగే గుణం, వెన్నును మరీ వంచకుండా కూర్చోనిచ్చే హ్యాండిల్, ఛాతీకి గాలి దెబ్బ తగ్గించే ఫెయిరింగ్ కలిసి, వేగానికీ దూరానికీ రెండింటికీ పనికొచ్చే బండిని మన జీతాలకు దాదాపు అందేంత దగ్గరికి తెచ్చాయి. స్పోర్ట్ టూరింగ్ అనే మాటకు మన దేశంలో చాలామందికి మొదట గుర్తొచ్చేది ఈ బండే కావడానికి కారణం అదే.

ఒక విషయం ముందే చెప్పాలి. కుర్రాళ్లు దీన్ని వింటేజ్ అంటున్నారు గాని, చట్టం దృష్టిలో ఇది వింటేజ్ కాదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మూల స్వరూపం పెద్దగా మారని వాహనాలకే ఆ గుర్తింపు, వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు దక్కుతాయి. పైగా అలా గుర్తింపు పొందిన వాహనాన్ని రోజువారీ పనులకు వాడకూడదు. కాబట్టి ఇరవై ఏళ్ల బండిని కొనేవారు వింటేజ్ అనే మాట విని ఎక్కువ ధర పెట్టనక్కర లేదు. అది మామూలు పాత బండి. దానికి వర్తించేవి మామూలు నిబంధనలే.

మొదటి బండి

బీచ్ దగ్గరి బండిని ముందు చూశాం. కవరు తీయగానే ఎర్ర రంగు అద్దంలా మెరిసింది. అమ్ముతున్నది అసలు యజమాని కాదు, ఆయన మేనల్లుడు. మావయ్య విదేశాలకు వెళ్లారనీ, బండిని ఎవరూ ముట్టుకోలేదనీ గర్వంగా చెప్పాడు. ఎవరూ ముట్టుకోకపోవడమే ఆ బండికి పట్టిన జబ్బు అని ఆ అబ్బాయికి ఎలా చెప్పాలో తెలియక నేను టార్చి లైటు తీశాను.

విశాఖలో సముద్రపు గాలి తగిలే చోట బండిని కవరు కప్పి నిలపడమంటే, ఉప్పు తేమను దాని మీద మూతపెట్టి ఉంచడమే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద రబ్బరు తొడుగును పైకి జరిపితే, క్రోము మీద ఆవగింజలంత నల్లటి గుంటలు పది పన్నెండు కనిపించాయి. ఆ గుంటలు కొత్త ఆయిల్ సీలును నెల తిరక్కుండా కోసేస్తాయి. టైర్ల పక్కగోడ మీద తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెప్పే నాలుగంకెలు 3109 అని ఉన్నాయి, అంటే 2009లో ముప్పై ఒకటో వారం. గాట్లు నిండుగా ఉన్నా, గట్టిపడిన రబ్బరులోకి గోరు దిగలేదు. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే అడుగున ఇటుకపొడి లాంటి తుప్పు. స్పార్కు ప్లగ్గు తీసి ఆ రంధ్రం గుండా సన్నటి కెమెరా దింపితే, పిస్టను ఏళ్ల తరబడి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ సిలిండరు గోడ మీద గోధుమ రంగు వలయం ఒకటి స్పష్టంగా పడి ఉంది. ఆ వలయం మీదుగా పిస్టను చుట్టూ ఉండే రింగులు ఒక్కసారి గట్టిగా తిరిగితే చాలు, బోర్ గీతలు పడుతుంది.

ఇవన్నీ డబ్బుతో బాగుపడేవే. నన్ను వెనక్కి లాగింది వేరే విషయం. హ్యాండిల్‌ను కుడివైపు చివరిదాకా తిప్పితే ఛాసీకి తగిలి ఆపే ఇనుప మొన ఒకటి ఉంటుంది. ఎడమవైపు మొన పదునుగా ఉండగా, కుడివైపుది నలిగి, దాని మీద మాత్రమే రంగు కొత్తగా ఉంది. ముందు చక్రానికి గట్టి దెబ్బ తగిలితేనే ఆ మొన నలుగుతుంది. అబ్బాయిని మెల్లగా అడిగితే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బండి బయట ఉందనీ, దాని మీద చెట్టుకొమ్మ పడిందని విన్నాననీ ఒప్పుకున్నాడు. ఆ వారం విశాఖలో చెట్టు కింద నిలిపిన బళ్లు ఎన్ని నలిగాయో చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. నగరంలో పదేళ్లు దాటిన ఏ బండిని చూసినా ఆ తేదీన అది ఎక్కడుందో అడగడం నాకు అలవాటు.

కాగితాల సంగతి కూడా అంతే. 15 ఏళ్లు నిండాక 2019లో చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించనే లేదు. 2022 ఏప్రిల్‌లో పెరిగిన పాత మోటారు సైకిల్ రెన్యువల్ ఫీజు మేం బండి చూసే నాటికి 1,000 రూపాయలుండేది; ఆలస్యమైన ప్రతి నెలకూ 300 రూపాయలు అదనం. అంతకన్నా పెద్ద చిక్కు, రెన్యువల్‌కు యజమాని సంతకం కావాలి, ఆయన ఊళ్లో లేరు. మాస్టారు సెల్లారు మెట్లెక్కుతూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

రెండో బండి, దాని నోటుబుక్కు

కూర్మన్నపాలెంలో పెద్దాయన ఇంటి వరండాలో నిలబెట్టి ఉన్న బండి మొదటి దానంత మెరవలేదు గాని, నీలం రంగు ట్యాంకు మీద ఒక్క దుమ్ము రేణువు లేదు. సీటు పక్క కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవారి చేత మళ్లీ కుట్టించారు. ఫుట్‌రెస్టు రబ్బర్లు అరిగి నున్నబడ్డాయి. కిలోమీటర్ల రీడింగు నిజమా కాదా అని అనుమానం వచ్చినప్పుడు నేను ముందు చూసేవి ఆ రబ్బర్లు, గేరు లివరు చివర, హ్యాండిల్ గ్రిప్పులు. మీటరు తిప్పేవాళ్లు వాటిని మార్చడం మరిచిపోతారు. ఇక్కడ మీటరుకూ రబ్బర్లకూ మాట కలిసింది.

మేం అడగకముందే పెద్దాయన లోపలికి వెళ్లి అట్ట వేసిన పొడవాటి నోటుబుక్కు తెచ్చారు. 2004 నవంబరు నుంచి ప్రతి ఖర్చూ తేదీ, కిలోమీటర్లు, రూపాయలతో రాసి ఉంది. ఇంజనాయిలు ఎప్పుడు మార్చారు, ట్యాపెట్లు ఎప్పుడు సెట్ చేయించారు, 38,000 దగ్గర క్లచ్ ప్లేట్లు, 44,000 దగ్గర ఇంజను లోపల వాల్వులను ఆడించే టైమింగ్ చెయిన్, హుద్‌హుద్ నెలలో "నీళ్లు ఎక్కలేదు, గాలి ఫిల్టరు మార్చాను" అన్న ముక్క. మధ్య మధ్య, దాదాపు ప్రతి మూడు నెలలకూ, "పాలిష్ డబ్బా" అనే పద్దు. ఆ చివరి పద్దును నేను మెచ్చుకోలుగా చూసి పేజీ తిప్పేశాను. దాని సంగతి తరువాత చెబుతాను.

"రోజూ డ్యూటీకి ఎక్కింది ఇదే బాబూ. సెలవు పెడితే నేను పెట్టాను గాని ఇది పెట్టలేదు," అన్నారు పెద్దాయన.

"మరెందుకు అమ్మేస్తున్నారు బాబాయ్ గారూ?" అని మాస్టారు అడిగితే, ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని నవ్వారు. అంతకు మించిన సమాధానం అక్కర లేదు.

ఇంజను చల్లగా ఉండగా చోక్ వేసి సెల్ఫ్ నొక్కితే రెండో ప్రయత్నానికి అందుకుంది. కొనబోయే బండిని మనం వెళ్లేసరికి వేడిచేసి ఉంచే అమ్మకందార్లు ఉంటారు, అందుకని చేరగానే సైలెన్సరు మీద చెయ్యి పెట్టి చూడటం నా పద్ధతి; ఇక్కడ చల్లగానే ఉంది. మొదటి అర నిమిషం టైమింగ్ చెయిన్ వైపు నుంచి సన్నటి టకటక వినిపించి, ఆయిల్ పైకెక్కగానే ఆగిపోయింది. పొగ లేదు. ఇంజను వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్, అంటే సిలిండరులో పుట్టే ఒత్తిడి, కొలిస్తే 150 పీఎస్ఐ వచ్చింది, ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే 158. రింగులు బాగా అరిగి ఉంటే ఆయిల్ వేశాక ఆ అంకె చాలా ఎక్కువగా ఎగబాకుతుంది. ఛార్జింగ్ 14.2 వోల్టులు. ఛాసీ నంబరును తడిగుడ్డతో తుడిచి ఆర్‌సీతో పోల్చి చూశాం. అంకెలు చెక్కుచెదరలేదు. రెన్యువల్‌ను 2019లోనూ, మళ్లీ 2024 నవంబరులోనూ ఆయన వేళకే చేయించారు కాబట్టి 2029 దాకా దిగులు లేదు.

లోపాలు ఉన్నాయి. ముందు బ్రేకు వేసి వదిలాక డిస్కు పూర్తిగా విడవటం లేదు. హ్యాండిల్ తిరిగే బేరింగుల జత అయిన కోన్‌సెట్‌లో, హ్యాండిల్ నిటారుగా ఉన్న చోట, వేలికి తెలిసేంత గాడి పడింది. ఒక ఫోర్కు కాలు ఆయిల్ కారుతోంది. సైలెన్సరు అడుగున పిన్నీసు దూరేంత చిల్లు. చెయిన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయి. అన్నీ కాగితం మీద రాసి, సుమారు పాతిక వేలు అవుతుందని చెప్పాను. పెద్దాయన ఆ చీటీ చదువుకుని, బేరం ఆడకుండానే 4,000 తగ్గించారు. 54,000కు మాట కుదిరింది. ఆ సాయంత్రమే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. రెండు పేర్లూ ఆంధ్రప్రదేశ్‌లోవే గనుక వేరే రాష్ట్రపు బండికి కావలసిన నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, అక్కర లేకపోయింది. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజుల్లోగా కొత్త యజమాని పేరిట మార్పించుకోవాలని మాస్టారికి రెండుసార్లు గుర్తు చేశాను. చాలామంది ఆర్‌సీ మార్పుతో పని అయిపోయిందనుకుంటారు.

షెడ్డులో

బ్రేకు పనిని ముందు పట్టుకున్నాను, ఎందుకంటే పాత బండిని కొన్నవాళ్లు ముందు ఇంజను మీద డబ్బు పోస్తారు, ఆగడానికి కావలసినవి చివరికి మిగులుతాయి. డిస్కును పట్టి ఆపే క్యాలిపర్ పిస్టను మీద, రబ్బరు సీలు ముందరి అంచు దగ్గర, ఉప్పు తెల్లగా గట్టిపడి ఉంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దకుండా బ్రేకు ఆయిల్‌లో నానబెట్టి గుడ్డతో తీశాను. గీత పడితే పిస్టనే మార్చాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం కాబట్టి రెండేళ్లకొకసారి మార్చాలని ఏ పుస్తకమైనా చెబుతుంది గాని, మన ఊరి తేమకు నేను ఏడాదిన్నరే చెబుతాను. పాత ఆయిల్ చల్లారిన టీ డికాక్షన్‌లా వచ్చింది.

ఫోర్కు గొట్టాన్ని ఆటోనగర్‌లో హార్డ్ క్రోమ్ చేయించాం. ఈ పనిలో తొందర పనికిరాదు. కొత్త క్రోము మందం ఎక్కువైతే సీలు బిగుస్తుంది, తక్కువైతే మళ్లీ కారుతుంది, అందుకే మైక్రోమీటరు పట్టుకుని నేనే వెళ్లి, రెండో గొట్టం కొలతతో సరిచూసుకుని తెచ్చాను. కోన్‌సెట్, చెయిన్ స్ప్రాకెట్ కిట్టు, రెండు టైర్లు, బ్యాటరీ కొత్తవి వేశాం. సైలెన్సరుకు అతుకు పెట్టి వెల్డింగ్ చేయించాం.

కార్బొరేటర్ విప్పినప్పుడు కొన్ని రబ్బరు భాగాలు ఉబ్బి కనిపించాయి. 2023లో మొదలై, ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది, దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయని పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి దీనివల్ల ఎక్కువ నష్టం, వారం వారం ట్యాంకు ఖాళీ అయ్యే బండికి తక్కువ. ఓ-రింగులు, ఫ్లోట్ నీడిల్, పెట్రోలు పైపు మార్చి, వాక్యూమ్ పిస్టను రబ్బరు పొరను వెలుతురుకు ఎత్తి పట్టి చిల్లు లేదని చూసుకుని బిగించాను.

మొత్తం ఖర్చు 24,350 రూపాయలు. కైలాసగిరి రోడ్డు మీద పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పాను. బండి ఎక్కడా తడబడలేదు. మార్చి మొదటి ఆదివారం మాస్టారికి తాళం ఇచ్చాను.

ఘాట్ రోడ్డులో ఆగిపోవడం

మొదటి రెండు వారాలు ఆయన తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి వచ్చేవారు. రుషికొండ దాటాక సముద్రం ఒక పక్క, ఎర్రమట్టి దిబ్బలు ఒక పక్క ఉండే ఆ దారిలో బండి గడియారంలా నడిచిందని చెప్పారు. ఆ తరువాతే అరకుకు బయలుదేరారు. పెందుర్తిలో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి, ఘాట్ ఎక్కుతుండగా టైడా దాటిన కాసేపటికి ఇంజను మిస్సింగ్ మొదలుపెట్టి, దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పావుగంట ఆగాక స్టార్టయింది. నాలుగు మలుపులు ఎక్కాక మళ్లీ ఆగింది. ఆయన వెనక్కి వచ్చేశారు.

నేను కార్బొరేటర్‌లో చెత్త చేరిందనుకున్నాను. విప్పితే ఏమీ లేదు. అయినా అందులో పెట్రోలును సన్నగా చిమ్మే జెట్లన్నీ మళ్లీ ఊది బిగించాను. తరువాతి ఆదివారం అదే దారి, అదే చోటు, అదే దగ్గు. వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్టవుతోంది కాబట్టి ఈసారి ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ పోయిందని తేల్చేశాను. వేడికి లోపలి తీగ తెగి, చల్లారాక అతుక్కునే కాయిళ్లను నా అనుభవంలో చాలా చూశాను. 1,150 రూపాయలు పెట్టి కొత్త కాయిల్ వేశాం. ఆ అనుభవమే నన్ను ఇక్కడ దారి తప్పించింది. లక్షణం పాత జబ్బును పోలి ఉండగానే పాత మందు రాసిచ్చాను.

మూడోసారి ఆగినప్పుడు మాస్టారు నాకు ఫోను చేసే ముందు, పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తెరిచారు. "అన్నా, మూత తిప్పగానే 'సుయ్' మంది. గాలి బయటికి రాలేదు, లోపలికి వెళ్లింది," అన్నారు ఫోనులో. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది, ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

కార్బొరేటర్‌కు పెట్రోలు దిగేది తన బరువు వల్లే. దిగిన పెట్రోలు చోటును నింపడానికి ట్యాంకు లోపలికి గాలి రావాలి, ఆ గాలి రావడానికి మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల పీడనం తగ్గుతుంది, కొంతసేపటికి పెట్రోలు బరువు ఆ లోటును గెలవలేక దిగడం మానేస్తుంది. మాస్టారు దీన్ని నల్లబల్ల మీద లెక్కలాగా చెప్పారు. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి ఉండే చోటు చాలా కొద్ది, అందుచేత కొద్దిపాటి పెట్రోలు దిగగానే పీడనం పడిపోతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే అదే పెట్రోలు దిగినా పెద్ద తేడా ఉండదు. ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడి ట్యాంకులోని ఆవిరి ఒత్తిడి కూడా తగ్గుతుంది. రంధ్రం పూర్తిగా మూసుకుపోలేదు గనుక పావుగంట ఆగితే గాలి మెల్లగా లోపలికి ఊరి, బండి మళ్లీ స్టార్టవుతుంది. కాయిల్ చల్లారిందని నేననుకున్నది ఆ గాలి ఊరడాన్ని.

నా పరీక్షలో ఎందుకు బయటపడలేదో కూడా అప్పుడే తెలిసింది. షెడ్డులో ఏ బండికైనా లీటరు పెట్రోలుకు మించి పోయం. కైలాసగిరి మీద నేను తిప్పినప్పుడు ఆ ట్యాంకులో పద్నాలుగు లీటర్ల గాలి ఉంది. భీమిలి దాకా మాస్టారు వెళ్లినప్పుడు కూడా రెండు మూడు లీటర్లు కొట్టించి వెళ్లేవారు.

ఆ సోమవారం మూత విప్పాను. లోపలి రబ్బరు వాషరు పక్కన సూదిమొనంత రంధ్రం. గిటారు తీగ ముక్క ఒకటి జెట్లు శుభ్రం చేయడానికి నా దగ్గర ఉంటుంది, దాన్ని గుచ్చి తిప్పితే బియ్యపు నూకంత తెల్లటి ముద్ద బయటికి వచ్చింది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. మైనం. పాలిష్. ఇరవై ఏళ్ల పాటు ప్రతి ఆదివారం పెద్దాయన గుడ్డతో మూత చుట్టూ రుద్దిన పాలిష్ అంచుల్లోంచి కొద్దికొద్దిగా లోపలికి చేరి, ధూళితో కలిసి అక్కడ గట్టిపడింది. నోటుబుక్కులో నేను మెచ్చుకుని దాటేసిన పద్దు అదే.

అయితే ఇరవై ఏళ్లలో ఆయనకు ఒక్కసారి కూడా బండి ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు సమాధానం మొదటిరోజు నుంచీ మీటరు మీదే ఉంది. ఇరవై ఏళ్లకు 61,000 అంటే ఏడాదికి 3,000 పైచిలుకు, నెలకు 250, డ్యూటీ రోజుకు పది కిలోమీటర్లు. ఇంటి నుంచి ప్లాంటుకు, ప్లాంటు నుంచి ఇంటికి. ఆ బండిని ఆయన చక్కగా చూసుకున్న మాట నిజమే, కాని అది రోజుకు పది కిలోమీటర్లు నడిచే బండిగా చక్కగా ఉంది. వంద కిలోమీటర్లు ఏకధాటిగా, నిండు ట్యాంకుతో, కొండ ఎక్కమని దాన్ని ఎవరూ అడగలేదు. సైలెన్సరు అడుగున చిల్లు కూడా అదే చెప్పింది. దగ్గర ప్రయాణాల్లో సైలెన్సరు పూర్తిగా వేడెక్కదు, ఇంజను వదిలిన నీటి ఆవిరి లోపలే చెమరుస్తుంది, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. ఆ చిల్లును పూడ్పించాను గాని దాన్ని చదవలేదు. ఇప్పుడు ఎవరు పాత బండి తెచ్చినా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని కాక, ఒక్కో విడతకు ఎంత దూరం తిరిగింది అని అడుగుతున్నాను. తాళం ఇచ్చే ముందు ట్యాంకు నింపించి, సింహాచలం కొండ రోడ్డు ఎక్కించి, అక్కడి నుంచి ఆనందపురం దాకా ఆగకుండా నడిపి చూస్తున్నాను. ఆ పెట్రోలు ఖర్చు బిల్లులో వేస్తున్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కాయిల్ డబ్బులు మాస్టారికి తిరిగి ఇచ్చేశాను. ఆయన వద్దన్నారు. తప్పు నాది కనుక తీసుకోవలసిందేనన్నాను.

ఆ తరువాత

ఈ రాస్తున్న నాటికి మీటరు 65,600 దగ్గర ఉంది. గంటకు 75 నుంచి 85 మధ్య నడిపితే లీటరుకు 38 నుంచి 40 దాకా వస్తోంది. ఇంతకన్నా వేగంగా వెళ్లగలదు గాని, ముందు ఒక్క డిస్కు, వెనుక డ్రమ్ము ఉన్న బండిని జాతీయ రహదారి మీద ఈనాటి బళ్లతో పోటీకి దింపవద్దని చెప్పాను, ఆయన విన్నారు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర తెల్లవారేసరికి చేరి, అనంతగిరిలో కాఫీ తాగి, ఎండ ముదరకముందే తిరిగి రావడం ఆయన పద్ధతి. ఘాట్ దిగేటప్పుడు గేరులోనే ఉంచి, ఇంజనునే బ్రేకులా వాడుకుంటూ దిగితే బ్రేకుల మీద భారం పడదు; ఆ పెద్ద సిలిండరు మూడో గేరులో లయగా చప్పుడు చేస్తూ దిగుతుంటే వినాలని నేనూ ఒకసారి వెనక కూర్చుని వెళ్లాను. సామాను వెనక సీటు మీద పది కిలోలకు మించకుండా, బరువు వీలైనంత ముందుకు వచ్చేలా కడతారు. బరువు తోక మీదికి పోతే ఈ బండి ముందు చక్రం తేలికై మలుపుల్లో ఊగుతుంది.

బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చెయిన్‌కు ఆయిల్ పట్టించి గాని లోపల పెట్టరు. కవరు వాడరు, పాత నూలు దుప్పటి కప్పుతారు, తేమ బయటికి పోతుంది. వారానికొకసారైనా ఇరవై కిలోమీటర్లకు తగ్గకుండా నడుపుతారు.

దసరాకు ముందు పెద్దాయన కొడుకుతో కలిసి షెడ్డుకు వచ్చారు, అప్పుడు బండి ఆయిల్ మార్పిడికి నా దగ్గరే ఉంది. స్టార్ట్ చేయించి చెవి వొగ్గి విన్నారు, కండువా కొసతో ట్యాంకు మీద చెయ్యిగుర్తు తుడిచారు. మైనం ముద్ద సంగతి చెబితే నమ్మలేదు, మూత విప్పి రంధ్రం చూపిస్తే చాలాసేపు దానివైపే చూసి, "దీనికి ఊపిరాడటానికి కూడా ఒక కన్నం ఉంటాదని నాకెవరూ చెప్పలేదు బాబూ," అన్నారు.

చేయాల్సినవి రెండు మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడు వినిపించే టైమింగ్ చెయిన్ టకటక అప్పుడు అర నిమిషం ఉండేది, ఇప్పుడు ముప్పావు నిమిషం ఉంటోంది. 70,000 దగ్గర ఆ చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ విప్పి చూడాలని నోటుబుక్కులో రాశాం. ఫెయిరింగ్ ఎడమ ప్యానెల్ బిగింపు చెవి ఒకటి విరిగింది. ఇరవై ఏళ్లనాటి ప్యానెల్ కోసం నేను వెతుకుతూనే ఉన్నాను, అప్పటిదాకా లోపలి నుంచి అల్యూమినియం పట్టీ ఒకటి వేసి నిలబెట్టాను.